మెరుపుకు ముందు

బంధువుల ఇంటి నుంచి పాత రాతబల్ల ఒకటి నా పని గదికి వచ్చింది. పైన నిగనిగ పోయింది, మళ్లీ పాలిష్ చేసిపెట్టమని అడిగారు. పాత సామాను ఏది చేతికి వచ్చినా, దాని మీద ఉన్న పూత ఏమిటో తెలియనిదే నేను ఉప్పుకాగితం ముట్టను. సొరుగు అడుగున, ఎవరి కంటా పడని చోట, స్పిరిట్‌లో తడిపిన దూదిని ఆనించి కాసేపు ఆగాను. పూత మెత్తబడి, జిగురుగా దూదికి అంటింది. లక్క పాలిష్ అన్నమాట. స్పిరిట్‌కు లొంగకుండా లాకర్ థిన్నర్‌కు కరిగితే నైట్రోసెల్యులోజ్ లాకర్ అయి ఉండేది. రెండింటికీ కరగకపోతే నూనె వార్నిషో, పాలీయురేథేనో అనుకోవాలి.

దూది తీసి చూస్తుండగానే ఆ వాసన వచ్చింది. స్పిరిట్ ఘాటు త్వరగానే ఎగిరిపోతుంది. దాని వెనకాల పాత లక్కది, కొంచెం తీయగా, మైనం కలిసినట్లుండే వాసన మిగులుతుంది. నేను పని నేర్చుకున్న గది ఏళ్ల తరబడి ఆ వాసనతోనే ఉండేది. ఆ గది ఇప్పుడు లేదు. నేర్పిన మేస్త్రి గారూ లేరు. బల్ల పని మర్నాటికి వాయిదా వేసి, గుర్తుకొచ్చినవి గుర్తుకొచ్చిన వరుసలోనే రాసుకుంటూ కూర్చున్నాను.

సానరాయి దగ్గర

మేస్త్రి గారి దగ్గర చేరిన కొత్తలో చాలా కాలం నా చేతికి చెక్క రాలేదు. ఉలులే వచ్చాయి. పొద్దున్నే గది ఊడ్చి, సానరాళ్లను నీళ్లలో నానబెట్టి, వాటి ముందు కూర్చోవడమే నా పని. మొదట ఉలి వీపు చదును చేయాలి. మొత్తం అవసరం లేదు, అంచు దగ్గర కొంత మేర అద్దంలా తేలితే చాలు. ఆ తరువాత 25 డిగ్రీల వాలు, దాని కొసన 30 డిగ్రీలతో ఒక సన్నని రెండో వాలు. రుద్దుతూ ఉంటే అవతలి వైపు, కంటికి ఆనని సన్నటి ఇనుప పొర లేస్తుంది. బొటనవేలిని అంచు మీదుగా బయటికి జారిస్తే అది గరుగ్గా తగులుతుంది. అంచు పొడవునా ఆ పొర లేచిందంటేనే ఆ రాయి పని పూర్తయినట్లు. అప్పుడు నున్నటి రాయికి మారాలి. చివరికి క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ ముద్ద పూసిన తోలు పట్టీ మీద, ఉలిని వెనక్కి లాగుతూ ఆ పొరను రాల్చాలి.

రాయి కూడా అరుగుతుంది, అదీ నడిమధ్యలో. గుంటపడిన రాయి మీద ఉలి అంచు వంకరపోతుంది. అందుకే దళసరి అద్దం మీద ఉప్పుకాగితం పరిచి, రాయినే దాని మీద రుద్ది చదును చేయించేవారు. సాన పట్టే రాయికీ సాన పట్టాలన్న ఆలోచన అప్పుడు నాకు వింతగా ఉండేది. ఈ రోజుకూ పని మొదలుపెట్టే ముందు నేను చేసేది అదే.

పదును పరీక్ష విషయంలో ఆయనకు గట్టి అభిప్రాయం ఉండేది. చేతి మీద వెంట్రుకలు గీసి చూసుకోవడాన్ని ఒప్పుకునేవారు కారు. మెత్తని చెక్క ముక్క ఒకటి తీసి, దాని కొసను, అంటే పోగులు అడ్డంగా తెగే చోట, ఉలితో కోయమనేవారు. పదునుంటే కోసిన చోట నున్నగా మెరుస్తుంది. లేకపోతే పోగులు నలిగి, తెల్లగా పొడిపొడిగా రాలుతాయి. "చూడు నాయనా, చెక్కే చెబుతుంది" అని ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూపించేవారు. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది కాబట్టి ఏ ఉలి పదునూ దాని ముందు ఎక్కువసేపు నిలవదు. టేకు పని నడిచే రోజుల్లో పూటంతా నేను సానరాయి దగ్గరే ఉండేవాణ్ణి.

చిత్రిక చప్పుడు

ఆయన చెవితో పని చూసేవారు. పక్క గదిలో ఏదో గీతలు గీసుకుంటూనే, ఇవతల ఎవరు చిత్రిక పడుతున్నారో, బ్లేడు ఎలా ఉందో చెప్పేసేవారు. పదునైన చిత్రిక ఒకే ఊపున, పట్టు బట్ట చింపినట్లు, సుయ్యిమని సాగుతుంది. మొద్దుబారితే గరగరమని తడబడుతుంది. పోగుకు ఎదురు పోతే టక్కుటక్కుమని పేళ్లు లేస్తాయి. "తిప్పిపట్టు" అన్న ఒక్క మాట గోడ అవతల నుంచి వచ్చేది. చెక్కను అటు తిప్పగానే చప్పుడు సర్దుకునేది.

పోగు రెండు వైపులకూ తిరిగిన మొండి చెక్కలు కొన్ని ఉంటాయి. ఎటు తిప్పినా పేళ్లు లేస్తాయి. అలాంటప్పుడు ఆయన చిత్రిక విప్పి, బ్లేడు మీద కూర్చునే రెండో రేకును అంచుకు వెంట్రుక దూరం దాకా జరిపేవారు. లేచిన పొట్టు ఆ రేకుకు తగిలి వెంటనే వెనక్కి విరుగుతుంది కాబట్టి, ముందున్న పోగును చీల్చుకుంటూ పోయే బలం దానికి ఉండదు. అప్పటికీ మాట వినకపోతే గీకుడు రేకు బయటికి వచ్చేది. చూడటానికి అరచేతిలో పట్టే ఉక్కు పలక, అంతే. దాని అంచును ఆకురాయితో చదును చేసి, సానరాయి మీద రుద్ది, గట్టి ఉక్కు కడ్డీతో నొక్కి లాగితే కొసన చిన్న కొక్కెంలా వంపు తిరుగుతుంది. బొటనవేళ్లతో రేకును కొంచెం వంచి తోస్తే పొడి రాలదు, పలచని పొట్టు లేస్తుంది. పొడి మాత్రమే వస్తుంటే కొక్కెం పోయినట్లు. నా చూపులో, పని గదిలో ఉండే అన్ని పనిముట్లలోకీ దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

ఇంత తంటా ఎందుకని ఒకసారి అడిగాను. అప్పటికే ఉప్పుకాగితం చుట్టలు చుట్టలుగా దొరుకుతోంది. ఆయన ఒకే చెక్కను సగం చిత్రిక పట్టి, సగం ఉప్పుకాగితంతో రుద్ది, రెండు సగాల మీదా పలచగా లక్క పూశారు. చిత్రిక పట్టిన సగంలో చార లోపలి దాకా కనిపించింది. రెండో సగం బాగానే ఉంది గాని, పైన ఏదో మంచు పరిచినట్లు మసకగా తోచింది. బ్లేడు పోగును తెగ్గోస్తుంది, ఉప్పుకాగితం గీతలు గీస్తుంది. ఎంత సన్నవైనా అవి గీతలే. పాలిష్ వాటిని దాచదు, పైకి తెస్తుంది. "మెరుపు డబ్బాలో ఉండదు" అనేవారు ఆయన. నేను నేర్చుకున్న పని మొత్తం ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

ఉప్పుకాగితాన్ని ఆయన పూర్తిగా మానలేదు. వాడినప్పుడు మాత్రం వరుస తప్పనిచ్చేవారు కారు. గరుకైన 80 నంబరు తరువాత 120, తరువాత 180, చివర నున్నటి 220. వెనకటి నంబరు చేసిన గీతలను చెరపడమే ప్రతి నంబరు పని. 80 నుంచి ఒకేసారి 220కి దూకితే చేతికి నున్నగానే ఉంటుంది, రంగు వేయగానే గీతలన్నీ నల్లగా తేలుతాయి. అది పట్టుకోవడానికి పైన దీపం ఆర్పేసి, బల్ల పక్కన కింద ఒక దీపం పెట్టించేవారు. ఏటవాలుగా పడిన వెలుతురులో ప్రతి గీతకూ ఒక నీడ ఉంటుంది. 220 దాటి రుద్దడం ఆయనకు ఇష్టం లేదు. మరీ నున్నబడితే చెక్క రంగును పీల్చుకోదు. చివరగా తడిబట్టతో ఒకసారి తుడిచి, ఆరాక లేచిన నూగును తేలిగ్గా తీసేయాలి. ఇప్పుడు తడిపి లేపకపోతే, నీటితో కలిపిన పూత వేసిన రోజున అదే లేస్తుంది.

లక్క సీసా

పాలిష్ రోజు గది తీరే మారిపోయేది. ముందు రోజు సాయంత్రమే అంతా ఊడ్చి, నేల మీద నీళ్లు చిలకరించి, దుమ్ము కూర్చునేదాకా తలుపులు మూసేవారు. మర్నాడు రంపం, చిత్రిక ముట్టకూడదు. గట్టిగా నడవకూడదు.

లక్క రేకులను ఆయన తేనె రంగును బట్టి ఏరుకునేవారు. లక్క పురుగులు కొమ్మల మీద కూర్చుని స్రవించే జిగురే ఈ లక్క. దాన్ని గీకి, కడిగి, కరిగించి, పలచని రేకుగా సాగదీసి విరగ్గొడతారు. మాత్రల మీద పూతగా వాడేదీ ఇదే. లీటరు స్పిరిట్‌కు సుమారు 240 గ్రాముల రేకులు వేసి, గాజు సీసాలో రాత్రంతా నానబెట్టేవాణ్ణి. చివరి పూతలకు అందులో సగం చిక్కదనం చాలు. మామూలు లక్కలో సహజంగా కొంత మైనం ఉంటుంది, అది సీసా అడుగున తెల్లగా పేరుకుంటుంది. పైన మరో రకం వార్నిష్ వేయాలనుకుంటే మైనం తీసిన లక్కనే వాడాలి. పాలీయురేథేన్ మైనం మీద సరిగా పట్టదు.

ప్రతి సీసా మీదా కలిపిన తేదీ రాయించడం ఆయన పట్టుదల. స్పిరిట్‌లో కరిగిన లక్క నిలవ ఉండేకొద్దీ మారిపోతుంది. కొన్ని నెలలు గడిస్తే అది పూసిన చోట ఎంతకీ గట్టిపడదు, వేలిముద్రలు పడుతూనే ఉంటాయి. తేదీ చెరిగిపోయిన సీసా అయితే గాజు ముక్క మీద ఒక చుక్క వేసి, మర్నాడు గోరుతో నొక్కి చూసేవారు. గోరు దిగితే సీసా మొత్తం పారబోయడమే. ఎంత ఉందన్న లెక్క అక్కడ ఉండదు.

పని మొదలయ్యాక ఆయన చేతినే చూస్తూ నిలబడేవాణ్ణి. ఉన్ని ముద్దను పాత నూలు బట్టలో చుట్టి, అడుగు ముడతలేకుండా బిగించిన పొట్లం అది. లోపలి ఉన్నికి లక్క పోసి, బయట బట్టకు ఒక్క బొట్టు నూనె అద్దేవారు. ముందుగా ప్యూమిస్ రాతి పొడి చల్లి, చెక్క రంధ్రాలు పూడేదాకా సున్నాలు చుట్టేవారు. ఆ తరువాత ఎనిమిది అంకె వేస్తున్నట్లు చెయ్యి సాగేది. పొట్లం చెక్క మీద ఉన్నంతసేపూ కదులుతూనే ఉండాలి. నిలిచిన చోట కింది పూత కరిగి బట్టకు అంటుకుంటుంది. అందుకే అంచు బయటి నుంచి విమానం దిగినట్లు దించి, అలాగే ఎత్తేవారు. కొంత పని చేసి, పూత లోపలికి దిగడానికి రాత్రంతా వదిలేసి, మళ్లీ పొద్దున మొదలుపెట్టేవారు. ఆఖరి రోజున దాదాపు ఉత్తి స్పిరిట్‌తోనే, గాలిలాగా ఆనిస్తూ, మిగిలిన నూనెను తీసేసేవారు. ఆ ఘడియలో గదిలో ఎవరూ మాట్లాడేవారు కారు. బట్ట రాసుకునే చప్పుడు ఒక్కటే వినిపించేది.

లక్కకు బలహీనతలున్నాయి, వాటిని ఆయన దాచేవారు కారు. వేడి పాత్ర పెడితే మచ్చపడుతుంది. నీళ్లు నిలిస్తే తెల్లటి వలయం వస్తుంది. స్పిరిట్ ఒలికితే కరిగిపోతుంది. రోజూ తడి తగిలే బల్లకు లక్క వద్దనే చెప్పి పంపేవారు. కానీ కరగడమే దాని గొప్పదనం కూడా. కొత్త పూత పాత పూతలోకి కరిగి ఒకటైపోతుంది కాబట్టి, ఎన్నేళ్ల తరువాతైనా మచ్చపడిన చోటును అతుకు కనిపించకుండా బాగుచేయవచ్చు. పాలీయురేథేన్‌లో ఆ వీలు లేదు. ఒక్కసారి గట్టిపడ్డాక అది దేనికీ కరగదు, కొత్త పొర పాతదాని పైన కూర్చుంటుందే గాని కలవదు. గీతపడితే ఆ భాగం మొత్తం రుద్దుకోవాల్సిందే. గట్టితనం కావాలనుకునేవారికి నేనూ దాన్నే వేస్తాను. అయినా పాత లక్క మీద పాలీయురేథేన్ కప్పేయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోలేను. తరువాత వచ్చేవారికి బాగుచేసుకునే దారి మూసేసినట్లు అనిపిస్తుంది.

నూనె గుడ్డలు

గది వెనక, బయట, ఒక తీగ ఉండేది. అవిసె నూనె పట్టించిన రోజున గుడ్డలన్నీ దాని మీద ఒక్కొక్కటిగా, ఒకదానికొకటి తగలకుండా ఆరేయాలి. చేరిన కొత్తలో అది శుభ్రత కోసం అనుకునేవాణ్ణి. ఒక సాయంత్రం ఆయన కావాలనే ఒక గుడ్డను ముద్దగా చుట్టి, ఆరుబయట ఇనుప బకెట్లో పెట్టారు. కొంతసేపటికి నా చెయ్యి పట్టుకుని దాని మీద ఆనించారు. వెచ్చగా ఉంది. ఎండ లేదు, నిప్పు లేదు, అయినా వెచ్చగా ఉంది. వెంటనే దాన్ని నీళ్లలో ముంచేశారు.

అవిసె నూనె నీరులా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ కలయికలో వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. ముద్దచేసిన గుడ్డలో పోయే దారి లేక పెరిగి పెరిగి, ఎవరూ అంటించకుండానే నిప్పు అంటుకుంటుంది. పరిచి ఆరబెట్టి గట్టిపడ్డాకే, లేదా నీళ్లలో ముంచి మూతపెట్టిన ఇనుప డబ్బాలో ఉంచి, బయట పడేయాలి. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవారికి పూతల గురించి ఒక్క విషయమే చెప్పే వీలుంటే నేను దీన్నే చెబుతాను.

పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. "బాయిల్డ్" అని డబ్బా మీద రాసి ఉన్న నూనెలో కోబాల్ట్, మాంగనీస్ వంటి లోహ లవణాలు కలుపుతారు. త్వరగా ఆరేది వాటివల్లే. పూసి, కాసేపు ఆగి, మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవకుండా వదిలితే జిగటగా నిలిచిపోతుంది. రోజుకోసారి చొప్పున ఒక వారం, వారానికోసారి చొప్పున ఒక నెల, నెలకోసారి చొప్పున ఏడాది, ఆపైన ఏడాదికోసారి అని వడ్రంగులు చెప్పుకునే పాత లెక్క ఒకటుంది. ఆయన సొంత పని బల్లకు అలాగే చేసేవారు. టేకుకు మాత్రం దానిలోనే నూనె ఉంటుంది కాబట్టి, బంకకైనా పూతకైనా ముందు అసిటోన్‌తోనో థిన్నర్‌తోనో తుడిచి, ఆలస్యం చేయకుండా పని కానిచ్చేవారు.

చెక్క ఊపిరి

గోడ వారన పలకలు పేర్చి ఉండేవి. ఒక్కో వరుసకు మధ్య సమానమైన మందం గల బద్దలు, ఒకదాని పైన ఒకటి నిట్టనిలువుగా. కొసలకు రంగు పూసి ఉండేది. కొసల్లోంచి తేమ తొందరగా పోతుంది, పోయిన చోట పగులుతుంది. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది మేస్త్రి గారి లెక్క. అది ఉజ్జాయింపే. చెక్క జాతిని బట్టి, గాలిని బట్టి మారుతుంది. ఇప్పుడు నేను తేమ కొలిచే మీటరు గుచ్చి చూసుకుంటాను. ఆయన ముక్కను చెంపకు ఆనించుకునేవారు. చల్లగా తగిలితే ఇంకా పచ్చిదే.

ఆరిన చెక్క కూడా నిలకడగా ఉండదు. పొడవులో కదలిక లెక్కలోకి రాదు గాని, అడ్డంగా గాలిలో తేమను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అందులోనూ కాండం వలయాల వెంట కదిలేది, వాటికి అడ్డంగా కదిలే దానికి దాదాపు రెట్టింపు. అందుకే తలుపు పలకను చట్రం గాడిలో బంక పెట్టకుండా వదిలేసేవారు. చట్రంలో బిగించే ముందే పలకకు అన్ని వైపులా రంగూ పాలిష్ పూర్తిచేసేవారు. బిగించాక పూస్తే, చెక్క తగ్గిన కాలంలో గాడిలోంచి తెల్లటి గీత బయటపడుతుంది. బల్ల అడుగున ఎవరు చూస్తారని వదిలేయడాన్ని కూడా ఆయన సహించేవారు కారు. ఒక వైపే పూత ఉంటే రెండో వైపు తేమ వేగంగా తీసుకుని, పలక డొప్పలా వంగుతుంది.

బంక కుండ గురించి ఎక్కువ రాయను, దాని వాసన తలచుకోవాలని లేదు. తోలు, ఎముకలు ఉడికించి తీసిన బంక పలుకులను నీళ్లలో నానబెట్టి, ఒక పాత్రలో నీళ్లు, దాని లోపల మరో పాత్ర పెట్టి 60 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచేవాళ్లం. మరిగితే బలం పోతుంది. కుసికి, అంటే చెక్క కొసన నాలుకలా చెక్కిన భాగానికి రాసి, చల్లారకముందే బెజ్జంలో దింపి, కొడతితో, అంటే చెక్క సుత్తితో, నాలుగు దెబ్బలు వేసి బిగించాలి. తెల్ల బంక సీసాలు వచ్చాక ఆ హడావుడి పోయింది. పాత కుర్చీ వదులైతే మాత్రం ఆ పాత బంక విలువ తెలుస్తుంది. వేడి, తేమ తగిలిస్తే అతుకు విడిపోతుంది, కుసి విరగదు.

పొట్టు, దుమ్ము

తరువాత యంత్రాలు వచ్చాయి. ముందు బ్యాండ్ రంపం, ఆ వెనక చిత్రిక యంత్రం, ఉప్పుకాగితంతో రుద్దే, చేత్తో పట్టే సాండర్. పని ఎంత తేలికైందో నా భుజాలకు తెలుసు, వాటిని తిట్టను. కానీ గది చప్పుడంతా ఒక్కటైపోయింది. మేస్త్రి గారు గోడ అవతల నుంచి "తిప్పిపట్టు" అనడం ఆగిపోయింది. వినడానికి ఏమీ మిగల్లేదు.

ఇంకొకటి మారింది, అప్పుడు ఎవరం గమనించలేదు. చిత్రిక నుంచి రాలేది పొట్టు. చుట్టలు చుట్టలుగా కాళ్ల దగ్గర పడుతుంది, ఊడ్చేస్తే పోతుంది. సాండర్ నుంచి లేచేది పొడి. వెలుతురులో కనిపించేది కొంత, కనిపించకుండా గంటల తరబడి గాలిలో తేలేది మరికొంత. మేము ముక్కుకు ఏమీ కట్టుకునేవాళ్లం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెడుతూ 1995లో నివేదిక ప్రచురించింది. ముక్కు లోపలి భాగాలకు వచ్చే క్యాన్సర్ విషయంలో ఆధారాలు బలంగా ఉన్నాయని చెప్పింది. ఆ సంగతి మా గది దాకా రాలేదు. మేస్త్రి గారు ఆఖరి సంవత్సరాల్లో దగ్గుతూనే పనిచేసేవారు. దానికి కారణం దుమ్మేనని నేను చెప్పలేను. దగ్గు మాత్రం గుర్తుంది.

ఇప్పుడు నా సాండర్‌కు దుమ్ము పీల్చే గొట్టం తగిలించనిదే స్విచ్ వేయను. గొట్టం ఉన్నా మాస్కు తీయను. గుడ్డ కట్టుకుంటే చాలదు, సన్నటి పొడిని ఆపే వడపోత ఉన్నదే కావాలి. గాలి గన్నుతో బట్టలు దులుపుకోవడం మానేశాను, అది కిందపడిన దుమ్మును మళ్లీ ముక్కుకు అందిస్తుంది. పని అయ్యాక కూడా గదిలో మాస్కు కాసేపు ఉంచుకుంటాను. వీలైన చోటల్లా సాండర్ పక్కన పెట్టి, చిత్రికతోనూ గీకుడు రేకుతోనూ పని ముగిస్తాను. పోగు సహకరించే చెక్కకు 180, 220 నంబర్ల అవసరమే రాదు, లక్క నేరుగా బ్లేడు కోసిన చెక్క మీదే పడుతుంది. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వస్తున్న అమ్మాయి, ఉలికి సాన పట్టించడం మొదలుపెట్టి ఇన్ని రోజులైనా చెక్క ఎప్పుడు ఇస్తారని అడుగుతోంది. సానరాయి మధ్యలో గుంటపడింది, ముందు దాన్ని చదును చేయమన్నాను.